తెరచాప మీది మాసిక

వెబ్‌సైటు తెరిచినప్పుడు పైన, సైటు పేరు పక్కనే, చిన్న బొమ్మ ఒకటి కనిపిస్తుంది. ఎవరూ దాన్ని పనిగట్టుకుని చూడరు. అడ్డం పదహారు గడులు, నిలువు పదహారు గడులు, మొత్తం రెండు వందల యాభై ఆరు. గడికి ఒక్క రంగు. ఒక కొట్టు పరువంతా అందులో ఇమడాలి. రెండువేల సంవత్సరం దాటాక, ఆ దశకం చివరి రోజుల్లో, నా ఉద్యోగం ఆ గడులు నింపడం.

మా ఆఫీసు విజయవాడ వన్ టౌన్‌లో, ప్లాస్టిక్ బకెట్ల హోల్‌సేల్ కొట్టు మీద అంతస్తులో ఉండేది. మెట్లు చాలా ఇరుకు. ఒకరు ఎక్కుతుంటే ఇంకొకరు దిగడానికి వీల్లేదు, ఎవరో ఒకరు వెనక్కి తగ్గాలి. నేను తగ్గేవాణ్ణి కాను. కిటికీ తలుపు తీస్తే ఎదుటి గోడౌను గోడ చేతికి తగిలేది. గదిలో మూడు కంప్యూటర్లు, ఒక ఇనప బీరువా, దేవుడి పటం, మేము ముగ్గురం.

మా యజమాని అంతకుముందు శుభలేఖలు అచ్చువేసేవారు. రెండో ఆయన వన్ టౌన్‌లో సైన్‌బోర్డులు రాసిన పెయింటరు, మా వీధి ముస్లిం. ఆయన తండ్రీ అదే పని చేశాడు. ఫ్లెక్సీలు వచ్చి కుంచె పని పోయాక, నలభై అయిదో ఏట మౌస్ పట్టుకున్నాడు. నేను ఆయన్ను భాయ్ అనేవాణ్ణి. ఆయన నన్ను దొరగారూ అనేవాడు. అందులో సగం ఎగతాళి. మిగతా సగం ఏమిటో మా ఇద్దరికే తెలుసు. మా తాతగారి బట్టల కొట్టుకు మొదటి బోర్డు రాసింది వాళ్ళ నాన్న.

ఆ కొట్టు అదే వీధిలో, మా ఆఫీసుకు ఏడు కొట్ల అవతల ఉంది. కాలవ వెంబడి నేత ఊళ్ళ నుంచి పంచెలు, చీరలు పడవల్లో వచ్చే రోజుల్లో తాతగారు పెట్టిన వ్యాపారం. బేళ్ళ మీద వేసే ముద్ర పడవ. ఊళ్ళల్లో జనం కొట్టు పేరు చెప్పేవారు కాదు, పడవ మార్కు పంచె అని అడిగేవారు. నాన్నగారి కాలంలో కొట్టు చేతులు మారింది. తీసుకున్నది మా గుమాస్తా. పేరు, గుర్తు, బల్లలు, గజం బద్దలు, అన్నీ దానితోపాటే వెళ్ళాయి. నేను రోజూ ఆ కొట్టు ముందునుంచే ఆఫీసుకు నడిచేవాణ్ణి, తల తిప్పకుండా. వేరే సందు లేక కాదు. సందు మార్చుకునేంత తప్పు నేనేం చేశాను?

చేరిన రోజున యజమాని నన్ను అడిగింది ఒక్కటే.

"ఒరిజినల్స్ తెచ్చారా మాస్టారూ?"

అప్పట్లో చిన్న ఆఫీసులు చాలావాటిలో అదే పద్ధతి. పదో తరగతి నుంచి ఎం.కాం. దాకా అసలు సర్టిఫికెట్లన్నీ యజమాని దగ్గర ఉంచాలి. రెండేళ్ళు నిండాక ఇస్తారు. పని నేర్చుకుని మధ్యలో వెళ్ళిపోకుండా అది కట్టుతాడు. ఇవ్వనంటే నాకు ఈ ఉద్యోగం అంత అవసరమని, అందుకే భయపడుతున్నానని అనుకుంటారు. రసీదు అడిగితే నమ్మకం లేదని అనుకుంటారు. అందుకని ఆకుపచ్చ కవరు బల్లమీద పెట్టి, ఒక్క మాట లేకుండా నా కుర్చీలో కూర్చున్నాను. ఆయన దాన్ని కళ్ళకద్దుకుని బీరువాలో పెట్టి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నారు. అప్పటినుంచి ఆ బీరువా నా వీపు వెనకే ఉండేది. దాని తలుపు కిర్రుమన్నప్పుడల్లా నా వెన్ను ఇంకాస్త నిటారుగా అయ్యేది.

పని అవమానకరమైనదని అనను. కష్టమైనదే. గన్నవరంలో ట్రావెల్స్ నడిపే ఆయనకు విమానం కావాలి. పదహారు గడుల్లో విమానం కరెంటు తీగ మీద చచ్చిన కాకిలా వచ్చింది. కూచిపూడి నుంచి నాట్యం నేర్పే ఆవిడ గజ్జెలు అడిగారు. అవి చింతకాయల గుత్తి అయ్యాయి.

"దొరగారూ, బోర్డు రాసేటప్పుడు మా నాన్న ఏమనేవాడంటే, కదిలే బస్సులో కూర్చున్నవాడు, చంకలో పిల్లాడు ఏడుస్తుంటే, ఆ ఏడుపులో చూసినా తెలియాలి అనేవాడు," అన్నాడు భాయ్. "మీరు గజ్జెలన్నీ లెక్కపెట్టి పెట్టారు. ఒక్క మువ్వ పెట్టండి, పెద్దది. చాలు."

ఒక్క మువ్వ పెట్టాను. అది మువ్వే అయింది. ఆ పూటంతా ఆయనతో మాట్లాడలేదు.

గుర్తు తరువాతి పని ఇంకొకటి ఉండేది. ఎవరైనా సైటు లింకును సోషల్ నెట్‌వర్కింగ్ సైట్లలో స్నేహితులకు పంపితే, లింకు పక్కన ఒక చిన్న ఫొటో, కింద రెండు వాక్యాలు వాటంతటవే వస్తాయి. ఏ ఫొటో రావాలో మనం చెప్పకపోతే, పేజీలో మొట్టమొదట ఉన్న బొమ్మను అది తీసుకుంటుంది. మొట్టమొదటి వాక్యాన్ని తీసుకుంటుంది. చెప్పడం కూడా పెద్ద పనేమీ కాదు. పేజీ తలలో ఒక్క వరస రాయాలి.

చేరిన పది నెలలకు, మా పాత గుమాస్తాగారి కొడుకు మెట్లెక్కి వచ్చారు. తండ్రి పోయి అయిదారేళ్ళయింది, కొట్టు ఆయనదే. యాభై దాటిన మనిషి, తెల్ల చొక్కా, అచ్చం తండ్రి పోలిక. నన్ను ఎప్పుడో చిన్నప్పుడు చూశారు కనుక గుర్తుపట్టలేదు. నేను చెప్పలేదు. మా యజమానిది గుంటూరు వైపు, ఈ వీధి పాత సంగతులు ఆయనకు తెలియవు. భాయ్ నా వైపు ఒకసారి చూసి తన స్క్రీన్‌లోకి తల దూర్చాడు.

ఆయనకు కావలసింది చిన్న గుర్తులో తండ్రి మొహం.

మూడు రోజులు చేశాను. చూసి ఆయన అన్నారు: "ఇదేంటండీ, మా నాన్నగారా? వడియంలా ఉన్నారే!"

"పదహారు గడుల్లో మనిషి మొహం రాదండీ," అన్నాను.

"పోనీ పడవ పెట్టండి. జనానికి పడవ తెలుసుగా."

"పడవ కూడా రాదు," అన్నాను.

అది అబద్ధం. ఆ రెండు వందల యాభై ఆరు గడుల కోసమే పుట్టినట్టుంటుంది పడవ. కింద ఒక వంపు, నిలువుగా ఒక కొయ్య, ఒక తెరచాప. కళ్ళు మూసుకుని గీయగలను. కానీ ఆయన పురమాయిస్తే మా పడవ నేను గీయడమా? కొట్టు పేరులో మొదటి అక్షరం ఒకటి, నేత కండె ఒకటి, మడతపెట్టిన చీర ఒకటి, వారానికొకటి చొప్పున చూపించాను. ఏదీ ఆయనకు నచ్చలేదు.

ఆ మధ్యలో నాకు ఉత్తరం వచ్చింది. గన్నవరం దగ్గర డిగ్రీ కాలేజీలో కామర్స్ లెక్చరర్ ఉద్యోగం. సోమవారం పదకొండు గంటలకు అసలు సర్టిఫికెట్లు చూపించి చేరాలి. ఆ వేళకు రాకపోతే వరసలో తరువాతి వాళ్ళను పిలుస్తారు. నిలబడి, సుద్దముక్క పట్టుకుని చేసే పని. ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని రెండు రోజులు తిరిగాను. అడగడం నాకు చేతకాదు. గురువారం అడిగాను, ఒకే ఒక్కసారి.

యజమాని ఉత్తరం చదివి, మడిచి, నా చేతికిచ్చారు.

"మీకు మంచి జరుగుతుంటే నేను అడ్డుపడతానా మాస్టారూ? ఆ బట్టల కొట్టాయన సైటు తేల్చెయ్యండి. ఆయన సరే అని, సైటు ఎక్కిన మర్నాడు మీ కవరు మీ చేతిలో పెడతాను. ఇది మాట."

భాయ్ కింద టీ బండి దగ్గర నాతో అన్నాడు: "ఆయన దగ్గరికెళ్ళి, నేను ఫలానా అని చెప్పండి దొరగారూ. మా ఓనరుకి ఒక్క ఫోను కొడతాడు. ఇవాళే వచ్చేస్తుంది కవరు."

"మా గుమాస్తా కొడుకు సిఫారసా?"

"ఆయన గుమాస్తా కొడుకే. మీరు మరి ఏంటిప్పుడు?"

నేను గ్లాసు కింద పెట్టి పైకి వచ్చేశాను.

శనివారం మధ్యాహ్నం ఆ కొట్టాయన హడావుడిగా వచ్చారు. వాళ్ళమ్మాయి కూచిపూడిలో నాట్యం నేర్చుకుంటోంది, ఆదివారం సాయంత్రం అక్కడ ప్రదర్శన. ఇంటిల్లిపాదీ వెళుతున్నారు.

"గుర్తుకి ఆ అక్షరమే పెట్టెయ్యండి ప్రస్తుతానికి. పేజీ పైన మాత్రం మా నాన్నగారి ఫొటో ఉండాలి. కొట్లో ఉన్నదే. దాని కింద ఈ ముక్క వెయ్యండి," అని కాగితం ఇచ్చారు. *ఇన్నేళ్ళుగా మాకు తోడుగా నిలిచిన మీ అందరికీ మా కుటుంబం తరఫున కృతజ్ఞతలు.*

ఫొటో గల్లాపెట్టె మీద గోడకు ఉన్నది. బొట్టు పెట్టి, గంధపు దండ వేసి, పైన చిన్న ఎర్ర బల్బు. వన్ టౌన్‌లో ఏ కొట్లోకి వెళ్ళినా అలాంటిది ఒకటి ఉంటుంది. పెద్దాయన ఫొటో చూసి దండం పెట్టుకున్నాకే గల్లా తెరుస్తారు. కొట్లో అది మర్యాద.

ఆయన వెళ్ళాక భాయ్ తన కుర్చీ నా దగ్గరికి జరిపాడు. "దొరగారూ, లింకు పంపితే ఈ ఫొటోనేగా బయటికొచ్చేది? దండేసిన ఫొటో, కింద థాంక్సు. చూసినోళ్ళు ఏమనుకుంటారు?"

నాకు తెలుసు. ఆయన చెప్పకముందే తెలుసు. ఒక్క వరస రాసి వేరే బొమ్మ ఇస్తే సరిపోతుంది. అయితే వేరే బొమ్మ ఏది? పడవ. అది గీయను. ఇంకేదైనా పెడితే ఆయన కూచిపూడి నుంచి వచ్చాక మళ్ళీ చూపించాలి, మళ్ళీ సరే అనిపించాలి, సోమవారం దాటిపోతుంది.

"ఆయన సరే అన్నాడు. అంతే చాలు," అన్నాను.

ఆదివారం పొద్దున సైటు ఎక్కించాను. మధ్యాహ్నం, కారెక్కే ముందు, వాళ్ళమ్మాయి ఆ లింకును తన స్నేహితులకూ చుట్టాల పిల్లలకూ పంపింది. తరువాత అందరూ ఇంటికి తాళం వేసి వెళ్ళి, ఫోన్లు ఆపేసి ప్రదర్శనకు కూర్చున్నారు, రాత్రికి అక్కడే ఉండిపోయారు.

సోమవారం ఎనిమిదిన్నరకు ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కాతో వీధిలోకి వచ్చాను. తోపుడుబండ్లు లేవు. ఆటోలు సందు చివర ఆగిపోయాయి. కొట్ల షట్టర్లన్నీ సగానికి దించి ఉన్నాయి. మా వీధిలో వ్యాపారి ఎవరైనా పోతే అది మర్యాద. పూర్తిగా మూయరు, పూర్తిగా తీయరు. ఆ పడవ గుర్తు కొట్టు ముందు ఇరవై ముప్ఫై మంది చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. మా కింది బకెట్ల కొట్టాయన చేతిలో గులాబీల దండ ఉంది.

మా యజమాని నన్ను చూసి దగ్గరికి వచ్చారు. "ఘోరం మాస్టారూ. శనివారం మన ఆఫీసులో కూర్చున్న మనిషి. పిల్లలు కంప్యూటర్లో చూసి చెప్పారట. దండేసిన ఫొటో, కుటుంబం తరఫున కృతజ్ఞతలు అనీ. ఇల్లు తాళం. ఫోన్లు కలవట్లేదు. సొంతూరికి తీసుకెళ్ళిపోయారు కాబోలు."

బొటనవేలి గోరంత ఫొటోలో తండ్రికీ కొడుక్కీ తేడా ఎవరికి తెలుస్తుంది? నోరు తెరిచి ఆ మాట చెప్పాల్సింది. చెబితే సైటు సంగతి తేలుతుంది, కవరు ఆగిపోతుంది.

"నా సర్టిఫికెట్లు ఇస్తే నేను వెళతానండీ," అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "వీధిలో మనిషి పోతే నేను బీరువా తాళం తియ్యను మాస్టారూ. మా నాన్న కాలం నుంచీ అంతే. మీకు మాత్రం ఇవాళ ఎక్కడికైనా వెళ్ళాలని ఎలా అనిపిస్తోంది?"

మూడడుగుల దూరంలో ఆయన నడుముకు తాళంచెవి ఉంది. నేను ఎక్కించిన సైటే దానికి అడ్డంగా నిలబడింది. తొమ్మిదింపావు అయింది. నేనూ చేతులు కట్టుకుని ఆ గుంపులో నిలబడ్డాను.

పది కావస్తుండగా సందు మొదట్లో కారు ఆగింది. ఆ కొట్టాయన దిగారు. షట్టర్లు చూసి, చెప్పులు అక్కడే విడిచి, గబగబా నడిచి వచ్చారు.

"అయ్యో, ఎవరండీ? ఎవరు పోయారు?" అని ఆయనే అడిగారు.

చుట్టూ ఉన్నవాళ్ళు రెండడుగులు వెనక్కి జరిగారు. చివరికి వెనకనుంచి ఎవరో అన్నారు: "మీరేనండీ."

తరువాత కాసేపు ఏం జరిగిందో చెప్పడం కష్టం. కొందరు నవ్వారు, ఒక పెద్దాయన ఏడ్చాడు. బకెట్ల కొట్టాయన ఆ దండను ఎక్కడ దాచాలో తెలియక వీపు వెనక పట్టుకుని తిరిగాడు. "తెచ్చిన దండ ఇంటికి తీసుకుపోకూడదంటారండీ," అని ఆయన గొణుగుతుంటే, చివరికి దాన్ని గల్లాపెట్టె మీది పెద్దాయన ఫొటోకే వేశారు. షట్టర్లు ఒకదాని తరువాత ఒకటి పైకి లేచాయి.

పదింపావుకు అందరం మా గదిలో ఉన్నాం.

"నన్ను చంపేశారు కదండీ!" అన్నారాయన నాతో. "తిరుపతి నుంచి మా వియ్యపురాలు బయల్దేరిందట. ఆవిణ్ణి ఎవరు ఆపుతారు?"

మా యజమాని నా వైపు చూడను కూడా లేదు. "ముందు అది తియ్యండి మాస్టారూ."

"తీస్తే చాలదు. ఫొటో బదులు ఇంకో బొమ్మ ఇవ్వాలి," అన్నాను. ఒకటే మిగిలింది. గడులు తెరిచి పడవ గీయడం మొదలుపెట్టాను. పది నిమిషాలు పట్టలేదు. కింద వంపు, కొయ్య, గాలికి ఎడమవైపు ఉబ్బిన తెరచాప. చెయ్యి తనంతట తాను పోతోంది. తెరచాప మధ్యలో, కొంచెం కిందికి, ఒక్క గడి నల్లగా నింపాను. అది నేను అనుకుని చేసింది కాదు. మా ఇంట్లో పడవ అంటే అలాగే గీస్తారు.

ఆయన స్క్రీన్ మీదికి వంగారు. "ఇదేంటి, ఈ నల్లది?"

"మాసిక," అన్నాను.

మా తాతగారి మొదటి బేళ్ళు వస్తున్నప్పుడు పడవ తెరచాప చిరిగిందట. తాతగారు అమ్మకానికి కట్టిన బేలు విప్పి, కొత్త పంచె చించి, మాసిక వేయించి, పడవను నడిపించారు. ఆ మాసికతోనే ముద్ర చెక్కించారు. ఇదంతా నేను చెప్పలేదు. ఆయన మొహం అప్పటికే మారిపోయింది.

"మా నాన్న చెప్పేవాడు, పాత ముద్రలో మాసిక ఉండేదని. కొట్టు మాకొచ్చాక తనే తీయించాడు. ఇది మీకెలా తెలుసు?"

"బోర్డు మీద తీసింది మా నాన్నే సార్, తెల్లరంగు కొట్టి," అన్నాడు భాయ్. "ఈయన పెద్దయ్యగారి మనవడు."

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. అది ఆలోచించి చేసింది కాదు. వాళ్ళ నాన్న మా ఇంట్లో ఎన్నడూ కూర్చోలేదు. "చినబాబుగారూ, ఒక్క మాట చెప్పి ఉంటే..." అని, మా యజమాని నుంచి నా ఉత్తరం సంగతి విని, "ఆ కవరు ఇచ్చెయ్యండి ముందు. నా కారులో దింపుతారు, పదకొండుకల్లా గన్నవరంలో ఉంటారు," అన్నారు.

బీరువా కిర్రుమంది. ఆకుపచ్చ కవరు నా బల్ల మీదికి వచ్చింది. నేను దాన్ని ముట్టుకోలేదు.

"మీరు బొమ్మకు సరే అంటే ఇవ్వాలని మాట. సరేనా?"

"మీ బొమ్మకు నేను సరే అనేదేంటండీ..."

"మీరు డబ్బిచ్చి చేయించుకుంటున్నారు. నచ్చిందా, లేదా?"

ఆయన చాలాసేపు స్క్రీన్ వంక చూశారు. "నిజం చెప్పమంటారా? పడవ అద్భుతం. ఆ మాసిక తీసెయ్యండి. బట్టలమ్మే కొట్టుకు మాసికేంటండీ, కొనేవాళ్ళేమనుకుంటారు?"

న్యాయమైన మాట. నేనైనా వేరే కొట్టుకు అదే చెప్పేవాణ్ణి. మౌస్ ఆ గడి మీద ఉంది. నొక్కితే తెల్లబడుతుంది, కవరు నేను సంపాదించుకున్నది అవుతుంది.

"ఒక్క గడి దొరగారూ," అన్నాడు భాయ్, మెల్లిగా. ఈసారి అందులో ఎగతాళి లేదు.

వేలు కదలలేదు. గోడ గడియారం చప్పుడు అందరికీ వినబడుతోంది. పదీ నలభై అయింది. పదీ యాభై అయింది. ఆయనే తట్టుకోలేక, "ఉంచండి, ఉంచండి, మీ ఇష్టం. కారు కింద ఉంది, లేవండి బాబూ," అన్నారు.

అది సరే అనడం కాదు, దయ. బొమ్మను అలాగే సైటులోకి ఎక్కించాను. కవరు తీసి యజమాని బల్ల మీద పెట్టాను. "రెండేళ్ళు నిండాక తీసుకుంటానండీ," అన్నాను. ఆయన, ఈ మనిషికి పిచ్చి అన్నట్టు చూసి, కవరును మళ్ళీ కళ్ళకద్దుకుని లోపల పెట్టారు. కొట్టాయన మెట్లు దిగి వెళ్ళిపోయారు. పదకొండు దాటింది. నేను గజ్జెలావిడ సైటు తెరిచి, ఆవిడ అడిగిన మార్పులు చేశాను.

అయిదు నెలల తరువాత, ఒక మామూలు మధ్యాహ్నం, వాళ్ళమ్మాయి ఫోను చేసింది. మర్యాదగా మాట్లాడింది. "అంకుల్, మా పడవ మీద చిన్న నల్లచుక్క ఉందండీ. కొనేవాళ్ళందరూ స్క్రీన్ మీద మురికి అనుకుని తుడుస్తున్నారట. నాన్న మీతో చెప్పొద్దన్నారు గానీ... తీసేస్తారా?"

భాయ్ భోజనానికి వెళ్ళాడు. యజమాని బ్యాంకులో ఉన్నారు. గదిలో నేనూ, నా వెనక బీరువా.

"తీసేస్తానమ్మా," అన్నాను.

ఫైలు తెరిచాను. నల్ల గడి మీద నొక్కాను. తెల్లబడింది. సైటులోకి ఎక్కించి, ఆ అమ్మాయికి ఫోను చేసి, ఒకసారి చూసుకోమన్నాను.

"ఇప్పుడు బాగుందంకుల్," అంది.

రెండేళ్ళు నిండడానికి అప్పటికి ఇంకా ఎనిమిది నెలలు ఉన్నాయి.